కడిగిన బియ్యం

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే బస్సు గరిడేపల్లిలో ఒక్క నిమిషం ఆగుతుంది. ఎక్కేవాళ్లు ఎక్కువుంటే రెండు నిమిషాలు. ఆ కాస్త సేపట్లో మా అమ్మ కిటికీలోంచి నాకు ఎన్నెన్ని అందించేదో! పెరుగు డబ్బా, చింతచిగురు, కాగితంలో చుట్టిన పచ్చిమిరపకాయలు, ఒకసారి కాళ్లు కట్టిన కోడిపెట్ట. ఆ కోడిని చూసి కండక్టరు, "దీనికి జీరో టికెట్ లేదమ్మా" అన్నాడు. అమ్మ కిందనుంచే, "అది గూడ ఆడిదే గద బిడ్డా" అంది. బస్సంతా నవ్వింది. కోడి నా ఒళ్లో కూర్చుని కోదాడ దాకా వచ్చి, మందిరం బయట వేపచెట్టుకు కట్టేసి ఉండి, సాయంత్రం నాతోపాటే తిరిగి మిర్యాలగూడ చేరింది.

గరిడేపల్లి నా పుట్టిల్లు, మిర్యాలగూడ అత్తిల్లు. ఆదివారం ఆదివారం కోదాడకు ఎందుకు పోయేదాన్నో చెప్పాలంటే సూర్యాపేట నుంచి మొదలుపెట్టాలి.

నలభై నాలుగో ఏట సూర్యాపేటలో ఒక దవాఖానలో నాకు గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ బాగానే అయింది. నేను మాత్రం మూడు రోజులు ఏడుస్తూనే ఉన్నాను. కుట్ల నొప్పి అనుకున్నారు అందరూ. "పిల్లలు పెద్దగైరి. ఇగ దానితోని ఏం పని నీకు?" అని మా వదిన నన్ను ఓదార్చింది. ఆమె మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం లేచి ఆమెను కొట్టాలనిపించింది.

పక్క మంచం మీద ఉన్న కోడలికి తోడుగా కోదాడ నుంచి ఒక పెద్దావిడ వచ్చి ఉండేది. నుదుట బొట్టు లేదు, మెడలో ఏమీ లేదు. పాపం, భర్త పోయాడేమో అనుకున్నాను. మధ్యాహ్నం ఆ భర్తే క్యారేజీ పట్టుకుని వచ్చాడు. మూడో రోజు ఆవిడ స్టూలు లాక్కుని నా దగ్గర కూర్చుని, "ఏంటమ్మా నీ బాధ? కుట్లకి ఎవరూ ఇంత ఏడవరు" అంది.

నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది. నా మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది గంటలు బతికింది. ఇరవై ఏళ్ల కిందటి మాట. ఎక్కడ పెట్టారో కూడా నాకు చూపించలేదు. తర్వాత ఇద్దరు మగపిల్లలు పుట్టారు. ఆ పిల్ల సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆమె ఉండిపోయిన చోటు ఒకటి నా కడుపులో ఉందని మాత్రం అనుకునేదాన్ని. ఇప్పుడు దాన్ని కూడా కోసి తీసేశారు.

ఆవిడ అంతా విని ఒక్క మాట అడిగింది. "ఎవరి పోలికమ్మా?"

ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అడగని మాట అది. "మా అమ్మ పోలిక. చెవులు అచ్చం మా అమ్మవే" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కళ్లు మూసుకుని, అమ్మమ్మ చెవులతో పుట్టిన ఆ పిల్ల గురించి దేవుడితో మాట్లాడింది. నా ఆరోగ్యం అడగలేదు, నన్ను మతం మారమనలేదు. "పిల్ల నీ దగ్గరే ఉంది కదా నాయనా, ఆ మాట ఈ తల్లికి తెలియజెయ్యి" అంది. అంతే. నీళ్లలో బాప్తిస్మం ఆ తర్వాత ఎప్పుడో అయింది. నన్నడిగితే నేను విశ్వాసినైంది ఆ స్టూలు పక్కనే.

ఇంట్లో మా ఆయన పెద్దగా గొడవ చేయలేదు. ఆయన రైస్ మిల్లు ఆపరేటరు, రోజంతా మిషన్ల మోతలో ఉండి వచ్చి ఇంట్లో ఎక్కువ మాట్లాడడు. "ఐతారం కూర ఎవరొండుతరు మరి?" అన్నాడు. ఎవరూ వండకపోతే తనే నేర్చుకున్నాడు. నేను బొట్టు తీసేసిన రోజు మాత్రం, "నేను బతికే ఉన్న గదనే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ పూట పళ్లెంలో అన్నం సగంలో వదిలి లేచాడు. నేను ఆ పళ్లెం కడిగి బోర్లించాను గానీ బొట్టు మళ్లీ పెట్టుకోలేదు.

అమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పాను, తిట్లకు సిద్ధపడి. "మీ దేవుడు ఐతారమే ఇంట్ల ఉంటడానే?" అంది. ఆ తర్వాత, "కోదాడ బస్సు గీడి నుంచే పోతది గద. ఎన్నింటికొస్తది?" అంది. ఆ వారం నుంచే రోడ్డు మీద నిలబడటం మొదలుపెట్టింది. నేను పుట్టింటికి మూడు నెలలకోసారి పోయేదాన్ని. ఇప్పుడు వారం వారం అమ్మను చూస్తున్నాను. నా కొత్త దేవుడు అమ్మకు చేసిన మేలు అదొక్కటి. ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన పథకం పేరు మహాలక్ష్మి, అది పట్టుకుని మా అన్న ఫోన్లో ఆటపట్టించేవాడు. "పోయేది యేసు కాడికి, టికెట్టు మహాలక్ష్మిది. ఇద్దర్ని గూడ మంచిగ వాడుకుంటున్నవ్ చెల్లె." అప్పటికి మేమింకా నవ్వుకుంటూనే ఉన్నాం.

మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఇల్లాలు ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ బియ్యాన్ని మందిరానికి తెచ్చి గంపలో పోస్తే, లేనివాళ్లకు పంచుతారు. ఈ సంగతి చెబితే అమ్మకు తెగ నచ్చింది. "గిది మంచిగున్నది" అని తనూ మొదలుపెట్టింది. ఆ వారం నుంచి కిటికీలోంచి ఒక చిన్న గుడ్డ మూట కూడా వచ్చేది. "మీ గుడిల పొయ్యి" అనేది. మందిరం అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది గుడే. నేను తీసుకెళ్లి పోసేదాన్ని. గంపలో పడ్డాక మా అమ్మ బియ్యం ఏవో, మిగతావాళ్ల బియ్యం ఏవో తెలిసేది కాదు.

బియ్యం విషయంలో అమ్మ చాలా గట్టి మనిషి. ఎడమకాలువ కింద నాట్లేసి, కోసి, చెరిగి పెరిగిన మనిషి. చిన్నప్పుడు తడి చేత్తో బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే నా వీపు మోగేది. "నీళ్లు తగిల్నంక బియ్యం ఎసట్లకే పోవాలె, మళ్ల డబ్బలకు రావొద్దు" అనేది. తడిసి ఎండిన గింజ పగిలి నూకైపోతుందని ఆమె బాధ. నాకు మిల్లు మనిషితో పెళ్లయ్యాక ఆయనా అదే పాట. అత్తా అల్లుడూ కూర్చుంటే గింజ గురించి, తేమ గురించి గంటలు గంటలు మాట్లాడుకునేవారు. మధ్యలో నాకు నిద్ర వచ్చేది.

అట్లా రెండేళ్లు గడిచాయి. అన్న పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాడు. గృహప్రవేశం రోజున ఇంటి ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయాలి. మా వైపు ఇది అందరికీ తెలిసిందే. ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, ఆమె చాచి పట్టిన కొంగులో తల్లిగారింటివాళ్లు పసుపు కలిపిన బియ్యాన్ని దోసిళ్లతో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక గుడ్డ వేస్తారు. ఆ బియ్యాన్ని ఆమె అత్తింటికి తీసుకుపోయి వండి, నలుగురిని పిలిచి పెట్టుకుంటుంది. నువ్వు ఎక్కడున్నా నీ ఆకలికి ఈ ఇల్లు ఉందని తల్లి చెప్పే మాట అది. ఇట్లా నేను ఇప్పుడు చెబుతున్నాను. ఆ రోజున ఎవరైనా చెప్పినా నా చెవికెక్కేది కాదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నా భక్తి అట్లా ఉండేది. పోయే ముందు మా పాస్టరు అయ్యగారిని అడిగాను. "మీ మనస్సాక్షి చెప్పినట్టు చెయ్యండమ్మా, కానీ అమ్మగారి మనసు నొప్పించకండి" అన్నారు. ఆయన మాటలో మొదటి సగం పట్టుకుని గరిడేపల్లి పోయాను.

అమ్మ చీకటితోనే లేచి బియ్యం జల్లెడ పట్టి, ఒక్క నూక లేకుండా ఏరి, పసుపు కలిపి సిద్ధం చేసింది. నేను వెళ్లేసరికి ఆ గంపను దేవుడి అర్ర ముందు పెట్టి దండం పెట్టుకుంటోంది. అది చూసేదాకా నేను మెత్తగానే ఉన్నాను. ఎట్లాగో తల వంచుకుని కూర్చుని లేద్దామనే అనుకున్నాను. చూశాక నా మెడ బిగిసింది.

పీట మీద కూర్చున్నాను. చుట్టూ చుట్టాలు, కొత్త సున్నం వాసన, కాళ్ల కింద కొత్త టైల్స్. "అమ్మా, పసుపు లేకుంట పొయ్యి. దేవుని ముందట పెట్టినయ్ నాకొద్దు" అన్నాను.

"కలిపిన గద బిడ్డా. ఇప్పుడెట్ల?" అంది అమ్మ.

"అయితె వద్దు."

అమ్మ విననట్టే గంపలోంచి దోసిలి నిండా బియ్యం తీసుకుని వంగింది. "కొంగు వట్టు బిడ్డా" అంది. నేను కొంగు నడుముకు చుట్టి దోపుకున్నాను. అమ్మ దోసిలి నా ముందు అట్లాగే ఉండిపోయింది. డెబ్బై ఏళ్లు దాటిన చేతులు, కాసేపటికి వణకడం మొదలుపెట్టాయి. బియ్యం ముందు వేళ్ల సందుల్లోంచి కొద్దికొద్దిగా జారింది. తర్వాత మొత్తం నా మోకాళ్ల మీదుగా టైల్స్ మీద పడింది. ఆ చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

అమ్మ నా మొహంలోకి చూసి, "నా బియ్యంల ఏం దయ్యమున్నదే?" అంది.

కోపంతో అనలేదు. దెప్పిపొడవడానికి అనలేదు. నిజంగానే అడిగింది. ఏమున్నదో చెబితే తీసేస్తానన్నట్టు అడిగింది. నేను పీట మీద నుంచి లేచాను. వదిన చీపురు తేబోతే అమ్మ ఆపింది. "బియ్యాన్ని ఊడుస్తరా ఎవరన్న?" అని కింద కూర్చుని ఒక్కొక్క గింజే ఏరుకోసాగింది.

అన్న నన్ను వాకిట్లోకి తీసుకుపోయాడు. "మీ గుడిల పోసెటందుకు మా బియ్యం పనికొచ్చె. నీ ఒడిల పోస్తనంటె పనికిరాకపాయె. గదేం భక్తి చెల్లె? ఇగ ఈ ఇంటికి రాకు" అన్నాడు. వరండాలో మా నాన్న కూర్చుని ఉన్నాడు. ఆయనకు చెవులు వినపడవు, మతిమరుపు కూడా. ఏం జరిగిందో తెలియక నన్ను చూసి, "తిన్నవా బిడ్డా?" అన్నాడు. తిన్నానని చెయ్యి ఊపి బస్సెక్కాను.

మరుసటి ఆదివారం నేను బస్సులో కుడివైపు కూర్చున్నాను. గరిడేపల్లి స్టాపు ఎడమవైపు వస్తుంది.

అమ్మ నిలబడే ఉంది. చేతిలో గుడ్డ మూట. గుడికిచ్చే పిడికెడు బియ్యమే అనుకున్నాను. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని ముందు నుంచి వెనక దాకా ఒక్కో కిటికీ వెతుక్కుంటూ నడిచింది. నేను ఒళ్లో ఉన్న గ్రంథం తెరిచి తల వంచాను. ఒక్క ముక్క చదవలేదు. బస్సు కదిలాక తలెత్తాను.

ఎందుకట్లా చేశానని నన్ను నేనే చాలాసార్లు అడుక్కున్నాను. విశ్వాసం కోసం అని అప్పుడు అనుకున్నాను. అది విశ్వాసం కాదు, సిగ్గు. ఆ మొహాన్ని చూస్తే నేను తప్పు చేశానని ఒప్పుకోవాల్సి వస్తుంది. తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పాపాలు ఒప్పుకోవాలని చెప్పే మందిరానికే వారం వారం పోతున్నాను, అమ్మ దగ్గర మాత్రం ఒప్పుకోలేకపోయాను. వేసంగి మొత్తం అట్లాగే గడిచింది. అమ్మ ఫోన్ చేస్తే ఎత్తేదాన్ని కాదు. తర్వాత తర్వాత స్టాపు వస్తుందనగానే కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉన్నట్టు కూర్చునేదాన్ని. ఆమె ఉందో లేదో కూడా చూసేదాన్ని కాదు.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆ కోదాడ పెద్దావిడ నన్ను ఆపింది. "ఏమ్మా, ఈమధ్య మీ అమ్మగారి మూట రావట్లేదు. బాగున్నారా?" అంది. నేను జరిగిందంతా చెప్పాను. నిజం చెప్పాలంటే కాస్త గొప్పగానే చెప్పాను, నేను ఎట్లా గట్టిగా నిలబడ్డానో అని.

ఆవిడ మొహం నల్లబడింది. "అయ్యో పిచ్చితల్లీ, ఎంత పని చేశావమ్మా" అంది. "నేను నమ్ముకున్న కొత్తలో మా అత్తగారి దినం నాడు ఆ అన్నం తిననన్నాను. మా మామగారు నా విస్తరి ముందు సాయంత్రం దాకా కూర్చున్నారు, కోడలు వస్తుందేమోనని. ఆయన పోయి ఎన్నేళ్లయిందో. ఆ విస్తరి మాత్రం నా కళ్ల ముందు నుంచి పోదు. ఇవాళే వెళ్లు. వెళ్లి కొంగు పట్టి పోయించుకో. ప్రభువుకి నేను చెప్పుకుంటాలే."

ఆ మాటకు నాలో ఏదో వదులైంది. ఆ మధ్యాహ్నమే తిరుగు బస్సులో గరిడేపల్లిలో దిగాను. ఎన్నో నెలల తర్వాత ఆ రోడ్డు మీద కాలు పెట్టాను. అన్న తిట్టినా సరే, తలుపు వేసినా సరే, గుమ్మం బయటే కొంగు పట్టుకుని నిలబడదామనుకుంటూ నడిచాను.

ఇంటి వరండాలో నాన్న ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి, "మీ అమ్మ గిప్పుడే నీ బస్సు కాడికి పోయింది. కనవడలేదా?" అన్నాడు. నేను వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాను. లోపల నుంచి పక్కింటామె నాన్నకు గ్లాసులో చాయ పట్టుకుని వచ్చింది. "ఆయన మాట వట్టుకోకు. మీ అమ్మ శుక్రారం పొద్దుగాల పడిపోయింది. ఒకదిక్కు మొత్తం పడిపాయె. సూర్యాపేట దవాఖానకు తీస్కపోయిన్రు. నీకు జెప్పలేదా?" అంది.

శుక్రవారం. అంటే ఆ ఉదయం కోదాడ పోతున్నప్పుడు స్టాపులో అమ్మ లేదు. నేను కళ్లు మూసుకునే ఉన్నాను. లేదన్న సంగతి కూడా చూడలేదు.

సూర్యాపేటలో అన్న నన్ను చూసి పక్కకు తప్పుకున్నాడు. అమ్మకు కుడి చెయ్యి, కుడి కాలు, మాట పోయాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి. నేను వెళ్లి నిలబడితే చూసింది. గుర్తుపట్టిందని నేను అనుకుంటున్నాను. రెండు రోజులు ఆమె పక్కనే కూర్చున్నాను. తలను దిండు మీద సర్దుతుంటే ఆ చెవులు కనిపించేవి. ఎన్నో ఏళ్ల కింద తొమ్మిది గంటలు చూసిన చెవులు.

రెండో రోజు మధ్యాహ్నం అన్నా వదినా చాయకు పోయినప్పుడు నేను మంచం అంచున కూర్చుని నా కొంగును రెండు చేతులతో ఆమె ముందు చాచాను. "అమ్మా, వట్టిన సూడు. పొయ్యవే" అన్నాను. ఏం పోయమంటున్నానో నాకే తెలియదు. అక్కడ బియ్యం లేదు.

అమ్మ ఎడమ చెయ్యి మెల్లగా లేచింది. నా కొంగు అంచు పట్టుకుంది. ఆమె ఆ కొంగును తన దగ్గరికి లాక్కుని, వంకరపోయిన పెదవి పక్కన కారుతున్న తడి తుడుచుకుంది. తుడుచుకుని కొంగు వదిలేసి కళ్లు మూసుకుంది.

నేను అడిగింది ఆమెకు అర్థమైందో, లేక ఎదురుగా గుడ్డ కనిపిస్తే మూతి తుడుచుకుందో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఆ రోజు దవాఖాన మెట్ల మీద కూర్చుని దేవుడితో కొట్లాడాను. దాన్ని ప్రార్థన అనను. నేను వెళ్లిన మూడో రోజు పొద్దున అమ్మ పోయింది.

ముత్తైదువగా పోయింది కాబట్టి స్నానం చేయించి ఒళ్లంతా పసుపు రాశారు. వదిన పసుపు గిన్నె పట్టుకుని నా ముందు ఒక్క క్షణం ఆగింది, ఇవ్వాలా వద్దా అని. నేనే చెయ్యి చాచి తీసుకున్నాను. అమ్మ పాదాలకు రాశాను, చేతులకు రాశాను, చెవుల వెనక రాశాను. గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న అన్న, "ఇయ్యాల అంటిందా పసుపు?" అన్నాడు. నేను పసుపు ముట్టానని తెలిసి మా సంఘంలో ఒకామె మూతి ముడిచింది. ఆమెతో నేను ఇప్పటికీ మాట్లాడను. క్షమించడం గురించి ఎన్ని సందేశాలు విన్నా నాకు అది రావడం లేదు.

పదకొండో రోజు భోజనాలయ్యాక నేను బయలుదేరుతుంటే వదిన లోపలికి పిలిచి ఒక మూట చేతిలో పెట్టింది. అమ్మ బస్టాపులో పట్టుకునే గుడ్డ మూటే. కానీ పిడికెడు కాదు, రెండు మూడు కిలోలు ఉంటుంది. విప్పితే బియ్యం. తెల్లగా ఉంది.

"గవి నీ ఒడిబియ్యమే" అంది వదిన. "ఆ దినం నేల మీద నుంచి ఏరుకున్నది గద. మర్నాడు నాలుగైదు నీళ్లు పోసి కడిగింది. పసుపు పోయేదాక రుద్ది రుద్ది కడిగి స్లాబు మీద ఎండబోసింది. గిదేం పని అత్తా అంటే, పసుపు లేకుంటె నా బిడ్డ పట్టుకపోతది అన్నది. ప్రతి ఐతారం గీ మూట పట్టుకొనే పోయేది రోడ్డు మీదికి. మళ్ల పట్టుకొచ్చి గూట్ల పెట్టేది."

వదిన ఏడుస్తూ చెప్పింది. నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. మూట ఒళ్లో పెట్టుకుని, మిర్యాలగూడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికి వచ్చాను.

సాయంత్రం మా ఆయన మిల్లు నుంచి వచ్చి వంటింట్లో ఆ మూట చూశాడు. ఆయనకు బియ్యం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని వేలితో రాసి, ఒకటి పంటి కింద పెట్టాడు. "కడిగి ఎండబెట్టిన బియ్యం ఇయ్యి. గింజ గింజ పలిగింది. సగం నూకే. ఎవరిచ్చిన్రు?"

"అమ్మ" అన్నాను.

"మీ అమ్మనా?" ఆయన నమ్మలేదు. "గిట్ల చేస్తే నూకయితదని ఆమెకు తెల్వదా?"

"తెలుసు" అన్నాను.

ఆయన అరచేతిలో మిగిలిన మూడు గింజలు జాగ్రత్తగా మూటలో వేసి బయటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున పక్కింటి ముగ్గురు ఆడవాళ్లను భోజనానికి పిలిచాను. ఒడిబియ్యం ఒక్కరే తినకూడదు. ఎసరు పెట్టి, ముందు ఒక పిడికెడు తీసి మందిరం డబ్బాలో వేశాను. మిగతాది గిన్నెలో పోసి నీళ్లు పోశాను. చేత్తో కలిపితే నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి. అమ్మ నాలుగైదు నీళ్లు పోసి రుద్దినా పోని పసుపు ఇంకా ఎక్కడో ఉంది. అలవాటు కొద్దీ ఆ నీళ్లు వంపబోయి ఆగాను. వంపలేదు. ఆ నీళ్లతోనే ఎసట్లో పోసేశాను.

అన్నం మెత్తగా, ముద్దగా అయింది. నూకల అన్నం అట్లాగే అవుతుంది. అందరికీ వడ్డించి, నేనూ పళ్లెం ముందు కూర్చుని, రోజూ చేసినట్టే స్తోత్రం చెప్పడానికి కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట గుర్తుకు రాలేదు. అమ్మ దోసిలి, వణుకుతున్న వేళ్లు, ఆమె అడిగిన మాట, అవే వచ్చాయి.

"ఏం లేదమ్మా" అన్నాను. "నీ బియ్యంల ఏం లేదు."

పైకే అన్నట్టున్నాను. పక్కింటివాళ్లు తినడం ఆపారు. మా ఆయన తలెత్తి ఒకసారి నా వైపు చూసి, మళ్లీ అన్నం కలుపుకున్నాడు.